నక్షత్రం దాటేదాకా

కామారెడ్డిలో నీ కొలువు ఏమిటని ఎవరైనా అడిగితే మాట్లాడటం అని చెప్తాను. అబద్ధం కాదు. నేను డాక్టరును కాను, నర్సును కాను. మా ఆసుపత్రిలో ఒక మూలకు, ఇక నయం కాదని తేలిపోయిన ముసలివాళ్ల కోసం కొన్ని మంచాలతో ఒక వార్డు ఉంది. అక్కడ నొప్పి తగ్గిస్తారు, పుండ్లు కడుగుతారు, ఆయాసానికి మందిస్తారు. మిగతాదంతా నేను. డాక్టరు చెప్పింది ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. ఇంటివాళ్లు దాచింది డాక్టరుకు చెప్పాలి. బండి మాట్లాడాలి, మందు ఇప్పించాలి, ఎల్లారెడ్డి వైపు ఊళ్లకు పోయి ఇంట్లో ఉన్న రోగులను చూసి రావాలి. మంచం పక్కనే భూమి కోసం కొట్టుకునే అన్నదమ్ములను కసిరి బయటికి పంపాలి. ఈ చివరి పని నాకు బాగా వచ్చు. మావాళ్లందరూ నన్ను నోరు గల మనిషి అంటారు. నోరు లేని మనిషిని ఈ కొలువులో పెడితే వారం తిరక్కుండా పారిపోతుంది.

రోజూ చావులు చూస్తారు కదా, ఏడుపు రాదా అని కూడా అడుగుతారు. రాదు. మొదట్లో వచ్చేదేమో, గుర్తు లేదు. ఇప్పుడు ఒక మంచం ఖాళీ అయితే దుప్పటి మార్చమని చెప్పి, టిఫిన్ డబ్బా తెరిచి అన్నం తింటాను. ఇందులో గొప్పా లేదు, సిగ్గూ లేదు. చేయి తల కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, అట్లా. చేయి ఉంటుంది. పని కూడా చేస్తుంది.

ఆ వానాకాలం మొదట్లో ఎల్లారెడ్డి పక్క ఊరి నుంచి ఒక రైతును తెచ్చారు. పెద్దమనిషి. కాన్సర్ ఎముకలకు పాకింది. వచ్చిన రోజు మంచం మీద అటు నుంచి ఇటు తిప్పినా అరిచాడు. మార్ఫిన్ గోలీలు మొదలుపెట్టాక రెండో రోజుకే లేచి కూర్చోబెడితే చాయ్ తాగాడు, మూడో రోజు పక్క మంచం ఆయనతో వరి విత్తనాల గురించి వాదన పెట్టుకున్నాడు. వాదించేవాళ్లంటే నాకు ఇష్టం. ఆయన పక్కన భార్య కూర్చునేది, మాట తక్కువ మనిషి. కొడుకు ట్రాక్టర్ కిరాయికి నడుపుతాడు. ఆయన సేవంతా కోడలిది. ఇంట్లో ముందరి అర్రలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి, పని ఆపుకుని వచ్చి మామను తుడిచి, తినిపించి, మళ్లీ మధ్యాహ్నం బస్సుకు పోయేది.

ఒకరోజు పెద్దమనిషి నా చేయి పట్టుకున్నాడు.

"బిడ్డా, నన్ను ఇంటికి తోలియ్యుండ్రి."

"నొప్పి జర తగ్గనియ్యి బాపూ, తోలిస్తం."

"తగ్గింది గద. ఇంట్ల నడిమి అర్రల పండుకుంట. నేను కట్టిన ఇల్లు. ఇంట్ల పోత."

"పోత" అన్న మాటకు మేం ఎవ్వరం ఉలిక్కిపడం. మా వార్డులో అది దాచుకునే మాట కాదు. డాక్టరును అడిగితే ఎక్కువ రోజులు లేవు, తీసుకుపోతే ఇప్పుడే తీసుకుపోవాలి అన్నాడు. నేను పని మొదలుపెట్టాను. కోడలికి గోలీ ఎప్పుడు ఇవ్వాలో, మింగలేకపోతే ఎట్లా ఇవ్వాలో, పక్కకు ఎట్లా తిప్పాలో నేర్పించాను. ఒక్కసారి చెప్తే పట్టుకుంది. బండి మాట్లాడాను. పొద్దున పది గంటలకల్లా బయల్దేరాలి అని కొడుక్కు చెప్పాను.

పొద్దున కొడుకు ఒక్కడే వచ్చాడు. మాట్లాడి పెట్టిన బండిని గేటు దగ్గరే ఆపించాడట. నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"మేడం, ఇంకో ఐదారొద్దులు ఇక్కడ్నే ఉంచుకోండ్రి."

"నిన్న తోల్కపోతనన్నోనివి నువ్వే గద?"

"పంతులును అడిగినం. ఇయ్యాల్టి సంది నక్షత్రం మంచిగ లేదట. గీ రోజుల్ల ఇంట్ల పానం పోతే ఆర్నెల్లు ఇల్లు ఇడిసిపెట్టాలె. తాళమేసి కంప కొట్టాలె."

నాకు తెలియనిది కాదు. ఈ జిల్లాలో దర్వాజకు ముళ్లకంప అడ్డం పెట్టిన ఇండ్లు నేను ఎన్ని చూశానో. తెలిసినా నోరు ఆగలేదు.

"మీ బాపు నక్షత్రం చూసుకోని సస్తడా?"

"గందుకే గద మేడం, ఇక్కడ ఉంచుండ్రంటున్న."

"గిది సత్రమా? గిక్కడైతే నక్షత్రం తాకదా? మా వార్డుకు ఎన్ని కంపలు కొట్టాలె మరి? డిగ్రీ చదివినన్నవు. గిదేనా చదివింది?"

అతను కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే నాకు సులువుగా ఉండేది. "నేను నమ్ముతనా లేదా అన్నది కాదు మేడం. ఊరు నమ్ముతది. ముందర అర్రల నా భార్య మిషన్ ఉన్నది. పెండ్లి జాకెట్లు కుట్టిచ్చుకునేటోళ్లు ఆ గడప తొక్కుతరా? మీరే చెప్పుండ్రి. మీ ఇంట్లయితే ఏం జేస్తుంటిరి?"

"మాది కిరాయి ఇల్లు. మా అత్త దవాఖానల పోయిన నాడు ఓనరు గేటు లోపటికి రానియ్యలే. సీదా స్మశానానికే తీస్కపోయినం. నన్నడగకు."

అట్లా ఇద్దరం మెట్ల దగ్గర నిలబడ్డాం. గేటు దగ్గర బండి డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అప్పుడు పెద్దమనిషి భార్య లోపలి నుంచి వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటున్నదో.

"వాకిట్ల పండవెడుదం," అన్నది. "రేకుల కింద. ట్రాక్టర్ బయట పెట్టుకో. ఇల్లు చూసుకుంట ఉంటడు. నక్షత్రం దాటినంక లోపటికి తీస్కపోదం."

కొడుకు సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. మంచం మీది మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

బండిలో నేనూ ఎక్కాను, ఎట్లాగూ ఆ వైపు చూడాల్సిన రోగులున్నారు. లింగంపేట దాటాక అడవి పట్టింది. పోచారం వైపు మబ్బు పట్టి ఉంది. ఆయన తల కింద నేను దుప్పటి మడిచి పెట్టాను.

"యాడికచ్చినం?"

"లింగంపేట దాటినం బాపూ."

"నార్లు వోసిండ్రా?"

కిటికీలోంచి చూసి చెప్పాను. "వోసిండ్రు. పచ్చగున్నయి."

"ఎక్కడో ఎర్రగుంటయి, సూడు మంచిగ," అన్నాడు. ఒక మడిలో నిజంగానే ఎర్రబడి ఉంది. చెప్పలేదు. చెప్తే దానికి ఏం కొట్టాలో ఎల్లారెడ్డి దాకా చెప్తాడు.

ఊళ్లోకి బండి తిరిగిందో లేదో ఏడుపులు మొదలయ్యాయి. దవాఖాన బండి ఇంటి ముందర ఆగిందంటే ఊరికి ఒకటే అర్థం. ఆయన అక్క, ఆయన కంటే పెద్దది, వంగిపోయిన మనిషి, అందరికంటే ముందు బండి తలుపు పట్టుకుని రాగం తీసింది. "ఓ తమ్ముడా, నన్నిడిసి పోతివా తమ్ముడా..."

లోపలి నుంచి ఆయన తల ఎత్తాడు. "ఎవలు పోయిండ్రే అక్కా?"

రాగం ఆగిపోయింది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వే అనుకున్నంరా! గీ బండి అస్తే మరేమనుకోవాలె?"

"ఇంకా పోలే. జర ఆగు."

"ఆగుత, ఆగుత. పొద్దుగాల్నుంచి ఏం తినకుంట కూసున్నంరా నీకోసం!"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఒకావిడ చేతిలోని పూలదండను మెల్లగా సంచిలో పెట్టుకుంది. నేనూ నవ్వాను. నా పెదాలు నవ్వాయి, అంతవరకు నాకు తెలుసు.

రేకుల కింద మంచం వేసి ఉంది. డీజిల్ వాసన ఇంకా పోలేదు. పడుకోబెట్టాక ఆయన ఎదురుగా దర్వాజను చూశాడు, మమ్మల్ని చూశాడు.

"లోపటికి తీస్కపోరా?"

"లోపట ఉడుకపోస్తుంది బాపూ," అన్నాడు కొడుకు.

"పంక లేదా?"

ఆయన కొంచెంసేపు పైన రేకులు చూశాడు. "నక్షత్రమచ్చిందా?"

"అచ్చింది," అన్నది భార్య.

"మా చిన్నాయిన పోయినప్పుడు గిట్లనే అయింది. ఆర్నెల్లు బయటనే వండుకున్నం. ఎప్పుడు దాటుతది?"

"ఐదారొద్దులు."

"ఆగుత తియ్యి," అన్నాడు, బస్సు ఆలస్యమైందంటే అన్నట్టు.

నేను కోడలికి గోలీల సంచి అప్పజెప్పి, మరోసారి అన్నీ చెప్పి, ఎల్లారెడ్డిలో ఇంకో ఇద్దరు రోగులను చూసుకుని తిరిగి వచ్చాను. బాగానే కుదిరింది అనుకున్నాను. వాకిలి వాకిలే, ఇల్లు కనిపిస్తూనే ఉంది, నొప్పి అదుపులో ఉంది. ఇంతకంటే మంచిగా పోయినవాళ్లను నేను తక్కువ చూశాను.

రెండు రోజులకు కోడలు ఫోన్ చేసింది. వార్డు శబ్దంలో మొదట సరిగా వినిపించలేదు. బయటికి వచ్చాను.

"మేడం, మామ గోలి మింగుతలేడు. నోట్లె పెడితే ఉమ్మేస్తుండు."

"ఎందుకట?"

"గోలి ఏస్కుంటే నిద్ర వడ్తదట. నిద్రల పానం పోతదట. నక్షత్రం దాటేదాంక మేల్కోనే ఉంటడట. నిన్నటి సంది ఒక్కటి మింగలే."

వెనక నుంచి ఒక శబ్దం వస్తోంది. మనిషిదని చెప్పలేం. నొప్పిని నెలల తరబడి పెంచుకున్న ఎముకల శబ్దం అది, నాకు బాగా తెలుసు. ఆయన వచ్చిన మొదటి రోజు విన్నదే.

బస్సెక్కి పోయాను. పోయేసరికి వాన పడుతోంది. రేకుల మీద వాన పడితే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. ఆయన మాత్రం వినిపిస్తున్నాడు. మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. కింది పెదవి కొరుక్కున్నాడు, రక్తం ఎండి ఉంది. ఎదురుగా ముందరి అర్రలో మిషన్ నడుస్తోంది. ఎవరిదో పెండ్లి పని, ఒప్పుకున్న జాకెట్లు, ఆపలేని పని.

"బాపూ, గోలితోని పానం పోదు. నొప్పితోనే తొందరగ పోతది. ఏస్కో."

"నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. కని నిద్రల పోయినోళ్లను మస్తు మందిని చూసిన నేను."

"మేలుకోని ఉన్నోళ్లు పోలేదా?"

"పోయిండ్రు. కని చెప్పి పోయిండ్రు."

"ఇంట్ల పడుకోవాలనే గద నువ్వు గింత తిప్పలు వడేది? ఇల్లు యాడికి పోతది?"

"ఇల్లు యాడికి పోదు. ఆళ్లే బయటికి పోతరు." మాట మధ్యలో నడుము పట్టుకుంది, ఆగి, మళ్లీ అన్నాడు. "దాటనియ్యి. దాటినంక నేనే నడుసుకుంట పోత లోపటికి."

వాదనలో నేను ఓడిపోవడం అరుదు. ఓడిపోయాను. ఆయన లెక్కలో తప్పు ఉంది గానీ ఆయన కోరేదాంట్లో తప్పు లేదు. పిల్లలను బయట పడేయకుండా తన ఇంట్లో చావాలని ఒక మనిషి కోరుకుంటే, దానికి అడ్డం చెప్పే మాట నా దగ్గర లేదు. నీళ్లతో పెదవి తుడిచి కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. రేకుల చివర నుంచి కారే నీళ్లు మట్టిలో గుంట చేస్తున్నాయి, అది చూస్తూ కూర్చున్నాను.

మిషన్ ఆగింది. మళ్లీ నడిచింది. మళ్లీ ఆగింది. అప్పుడు కోడలు మిషన్‌నే దర్వాజ దాకా ఈడ్చుకుని వచ్చింది. దాని కాళ్లు గడప మీద తగులుకున్నాయి.

కొడుకు అప్పుడే ట్రాక్టర్ దిగి వస్తున్నాడు. "ఏం జేస్తున్నవే?"

"మిషన్ బయట పెడుతున్న. వట్టు."

"పిచ్చి లేసిందా? వానలనా?"

"రేకుల కింద పెడుత. మామను లోపటికి తీస్కపోండ్రి."

"ఇంకో రెండొద్దులు ఆగితే..."

"నువ్వు ఆగుతవు. ట్రాక్టర్ మీద పోతవు, నీకేం ఇనవడ్తది? కుట్టుకుంట నేను వింటున్న. ఒక్కొక్క కుట్టుకు వింటున్న."

మంచం మీది నుంచి ఆయన చెయ్యి ఎత్తాడు. "వద్దు బిడ్డా. ఆగుత నేను."

"నువ్వు ఆగుతవు మామా. నాతోనే అయితలేదు."

"ఆర్నెల్లు..."

"ఆర్నెల్లు బయటనే పండుకుంటం. ట్రాక్టర్ పండలేదా గీడ? నోరు తెరువు, గోలి మింగు ముంగట."

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె అప్పటికే లోపలికి పోయి నడిమి అర్రలో మంచానికి జాగా చేస్తోంది. బియ్యం బస్తాను ఆమె ఒక్కతే జరుపుతున్న శబ్దం వచ్చింది. కొడుకు మిషన్‌ను ఎత్తి రేకుల కింద పెట్టాడు. మంచానికి ఒక వైపు అతను, ఒక వైపు నేనూ కోడలూ పట్టుకున్నాం. దర్వాజ సన్నది, మంచం ఏటవాలుగా వంచాల్సి వచ్చింది. ఆయన అరిచాడు. తర్వాత పంక కింద గోలీ మింగాడు. కొంచెంసేపటికి చేతులు పట్టెను వదిలాయి.

కోడలు గోలీల సంచిని కిటికీలో పెట్టింది. నేను సాయంత్రం బస్సుకు వచ్చేశాను. మరునాడు పొద్దున ఆమే ఫోన్ చేసింది.

"మామ పోయిండు మేడం. నిద్రల్నే."

ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలు చెప్పాను. నక్షత్రం దాటడానికి ఇంకా ఒక రోజు ఉందట. అది కూడా ఆమే చెప్పింది, గొంతులో ఏ తేడా లేకుండా. ఆ పూట వార్డులో ముగ్గురు కొత్తవాళ్లు చేరారు. మధ్యాహ్నం డబ్బా తెరిచాను. దొండకాయ కూర. తిన్నాను.

దినాలు అయ్యాక నేను మళ్లీ పోయాను. పరామర్శ ఒకటి, మిగిలిన గోలీలు తీసుకోవడం ఒకటి. మార్ఫిన్ ఎవరింట్లోనూ వదిలిపెట్టేది కాదు, తిరిగి అప్పజెప్పాలి. పోయేసరికి దర్వాజకు తాళం, తాళం మీద తుమ్మకంప. రేకుల కింద సంసారం మొత్తం ఉంది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, మధ్యలో మిషన్. దండెం మీద ఎవరిదో ఎర్ర జాకెట్ ఒక్కటే వేలాడుతోంది.

"పని ఎట్లుంది?" అని కోడలిని అడిగాను.

"కొంతమంది వస్తుండ్రు, కొంతమంది ఎల్లారెడ్డికి పోతుండ్రు." తల ఎత్తలేదు. "ఒక్క రోజు మేడం. ఒక్క రోజు ఆగలేకపోతి."

"ఇంకో రోజు ఆ మొత్తుకునుడు వింటుంటివా?"

"వినకపోతుంటి. తెలుసు నాకు. ఊకె అంటున్న."

కొడుకు నాతో మాట్లాడలేదు. ట్రాక్టర్ టైరు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. గోలీల సంచి ఏదని అడిగితే అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. లోపల కిటికీలో ఉంది. శవాన్ని లేపగానే చేతికి దొరికింది తీసుకుని తాళం వేశారు.

"తాళం తియ్యి," అన్నాను.

పెద్దమనిషి అక్క గోడ పక్క నుంచి లేచింది. "తియ్యొద్దు! ఎవలు తీస్తే ఆళ్ల మీదికే వస్తది!"

"నా మీదికే రానియ్యి అవ్వా. అది సర్కారు మందు. ఒక్క గోలి తక్కువైనా జవాబు నేను చెప్పాలె. నీ నక్షత్రం చెప్పదు."

"నోరు చూడు దీనిది! దవాఖానల గిట్లనే మాట్లాడతవా?"

"గింతకంటె ఎక్కువనే మాట్లాడుత."

చివరికి పంతులుకు ఫోన్ చేశారు. ఆ ఇంటికి సంబంధం లేని మనిషి పోయి రావచ్చు, ఇంటివాళ్లు మాత్రం గడప తొక్కొద్దు అన్నాడట. నా వాదనా పంతులు మాటా ఒక్కటైన రోజు అదొక్కటే. కొడుకు కర్రతో కంప జరిపి, తాళం తీసి, వెనక్కి జరిగాడు.

లోపల చీకటి, దుమ్ము, పాత బియ్యం వాసన. నడిమి అర్రలో నేల ఖాళీగా ఉంది. సంచి కిటికీలోనే ఉంది. గోలీలు చూసుకుని బయటికి వస్తుంటే కోడలు వాకిట్లో నుంచి అన్నది, "మేడం, మీరు లోపటనే ఉన్నరు గద, అలమారల పెద్ద కత్తెర ఉంటది, జర తెస్తరా?"

తెచ్చిచ్చాను. "దాని పక్కనే దారాల డబ్బ." మళ్లీ పోయాను. "కుక్కర్ మూతకు రబ్బరు, వంటింట్ల మొలకు తగిలిచ్చి ఉన్నది." తెచ్చాను. తియ్యొద్దని అరిచిన అక్క కూడా గోడ పక్క నుంచే, "తమ్ముని చేతికర్ర తలుపెనక ఉంటది సూడు, నాకు నడువస్తలేదు" అన్నది. ఆమెకు కర్ర అందించి, ఎవరి మీదికి వస్తుందో అని అడిగాను. వినిపించనట్టు కర్ర నేలకు కొట్టి చూసుకుంది. కొడుకు ఫోన్ లోంచి తల ఎత్తకుండా, "చార్జర్," అన్నాడు. ఆ రోజు అతను నాతో అన్న మొదటి మాట అదే.

చీర కుచ్చిళ్లకు దుమ్ము పట్టింది, చేతులు కడుక్కున్నాను. పెద్దమనిషి భార్య ఒక్కతే ఏమీ అడగలేదు. పొయ్యి దగ్గర కూర్చుని నన్ను చూస్తోంది.

"నీకేం వద్దా అవ్వా?"

"లోపట ఎట్లున్నది?"

"ఎట్లుంటది? దుమ్ము వట్టింది."

తల ఊపింది. కొడుకు తాళం తెచ్చాడు. కంపను మళ్లీ కర్రతో జరుపుతుంటే ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది.

"మళ్ల దసరా ముంగట ఒకపారి రా బిడ్డా. చలి మొదలైతది. దుప్పట్లన్నీ లోపట్నే ఉన్నయి."